బ్యాంకాక్‌లో పొద్దున్నే వచ్చే భిక్షువులకు మనం అన్నం పెట్టొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నెల కిందట బ్యాంకాక్ వచ్చి ఆన్‌నట్ దగ్గర అద్దెకు దిగారు. పొద్దున ఆరింటికి కింద సందులో కాషాయం కట్టిన భిక్షువులు నడిచి వెళ్తుంటే, ఇరుగుపొరుగు చెప్పులు విడిచి, మోకాళ్ల మీద కూర్చుని అన్నం పెడుతున్నారు. మీకూ పెట్టాలని ఉంది. కానీ మనం హిందువులం, మీరు శాకాహారులు, ఇది మనం చేసే పనేనా అని అనుమానం. మీవారు "పనీపాటా లేనివాళ్లని మేపడం ఎందుకు" అంటున్నారు. దొంగ భిక్షువులుంటారని ఆఫీసులో ఎవరో భయపెట్టారు. న్యూయార్క్‌లో ఒకాయన మీ అక్క చేతికి పూసల దండ తొడిగి ఇరవై డాలర్లు అడిగాడట, అది కూడా మనసులో ఉంది.

నేను గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చి 16 ఏళ్లయింది. పెట్టొచ్చు, పెట్టండి. అన్నం పెట్టండి, డబ్బు మాత్రం పెట్టకండి. మీ అనుమానాల్లో సగానికి పైగా ఈ ఒక్క తేడాలోనే తీరిపోతాయి. ఎలాగో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు మాటల సంగతి. ఇక్కడివాళ్లు ఈ పనిని తక్‌బాత్ అంటారు. "తక్" అంటే గరిటెతో తీసి వడ్డించడం. "బాత్" అంటే మన పాత్రే, పలుకు అరిగిపోయి అలా అయింది. భిక్షువులు చేసే పనికి బిందబాత్ అని పేరు. అది పాత బౌద్ధ గ్రంథాల భాష పాలీలోని పిండపాతం, అంటే ముద్ద వచ్చి పాత్రలో పడడం. తమాషా ఏమిటంటే వీళ్ల డబ్బును కూడా బాత్ అనే అంటారు. అది "పాదం", అంటే నాలుగో వంతు అనే మాట నుంచి వచ్చింది. రాతలో తేడా ఉంది కానీ చెవికి రెండూ ఒకటే. ఆ బాత్‌లో ఈ బాత్ పడకూడదు అని మా పక్కింటావిడకి ఒకసారి జోకు వేస్తే చాలాసేపు నవ్వింది.

మన ఇళ్లలోనూ ఇది కొత్తేం కాదు. ఒడుగు రోజున వటువు చేతిలో జోలె పెట్టి "భవతి భిక్షాం దేహి" అనిపిస్తాం, మొదటి గుప్పెడు బియ్యం తల్లే వేస్తుంది. మా తాతగారు చిన్నప్పుడు వారాలు చేసుకుని చదువుకున్నారు. రోజుకో ఇంట్లో భోజనం అన్నమాట. ఆయన కంటే ముందు తరంలో మధూకరం ఎత్తి చదువుకున్నవాళ్లున్నారు. తేనెటీగ పువ్వుకు నొప్పి తెలియకుండా ఒక్కో చుక్కా తీసుకున్నట్టు, ఇంటికో ముద్ద. బుద్ధుడి మాటల సంకలనం ధమ్మపదంలో భిక్షువు ఊళ్లో ఎలా తిరగాలో చెప్పిన చోట కూడా సరిగ్గా ఈ తేనెటీగ పోలికే ఉంది. అందుకే ఇక్కడి భిక్షువులు ఒకే ఇంటి ముందు తిష్ఠ వేయరు. ఒకరి దగ్గర మూత తెరుస్తారు, తీసుకుంటారు, ఇంకో గుమ్మానికి కదులుతారు.

ఇక నా మొదటి అనుభవం. నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు. వచ్చిన మొదటి సంవత్సరం, ఏదో ఏకాదశి రోజున నాకు బుద్ధి పుట్టి అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర వండాను. ఎలా ఇస్తారో తెలియదు కదా, మా అమ్మ సారెలో పెట్టిన స్టీలు డబ్బాలో సర్ది కిందికి తీసుకెళ్లాను. వచ్చినాయన చిన్న వయసువాడు. నేను ఆ డబ్బాలోంచి గరిటెతో వడ్డిద్దామనుకునేలోపే ఆయన వెనకాల ఉన్న కుర్రాడు డబ్బా మొత్తం అందుకుని సంచిలో వేసుకున్నాడు. అడగడానికి నాకు థాయి రాదు. ఆయన చదివే ఆశీర్వచనం అయిపోయేదాకా నా కళ్లు ఆ సంచి మీదే ఉన్నాయి. మర్నాడు అదే వేళకి ఆ కుర్రాడు డబ్బా తోమి, తుడిచి తెచ్చిచ్చాడు. మూత మీద చెక్కించిన మా నాన్నగారి పేరు, పెళ్లి తేదీ వేలితో చూపించి ఏదో అడిగాడు. బహుశా ఇది మంత్రమా అని అయుంటుంది. అప్పటినుంచి అందరిలాగే నేనూ ప్లాస్టిక్ కవర్లో పోసి, గాలి పట్టించి, రబ్బరు బ్యాండు మెలేసి కడుతున్నాను. ఆ ముడి వేయడం నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది.

అన్నం పెట్టండి, డబ్బు వద్దు అన్నది నా సొంత కవిత్వం కాదు. ఇది భిక్షువుల నడవడికి పెట్టిన వినయ నియమాల్లోనే ఉంది. ఇక్కడివాళ్లు పాటించే బౌద్ధ శాఖ థేరవాదం, ఆ భిక్షువులకు 227 నియమాలు. వాటిలో తిండికి సంబంధించినవి చూస్తే ఎవరో బాగా అనుభవం ఉన్న ఇల్లాలు కూర్చుని రాసినట్టుంటాయి. అరచేతి గీతలు కనబడేంత వెలుగు వచ్చాక మొదలుపెట్టి, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటేలోపే తినాలి. ఆ తరవాత మర్నాడు తెల్లవారేదాకా అన్నం ముట్టకూడదు. ఇచ్చింది రేపటికని దాచుకోకూడదు. ఎవరైనా చేతికి అందించనిదే తనంతట తాను తీసుకోకూడదు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం లాంటివి మాత్రం మందు కింద ఏడు రోజులు ఉంచుకోవచ్చు. తీసుకునేటప్పుడు చూపు పాత్ర మీద ఉండాలి గానీ పెట్టేవాళ్ల మొహం మీద కాదు. పాత్ర అంచుకు మించి తీసుకోకూడదు. కూర ఎక్కువ రావాలని అన్నం కింద దాచకూడదని కూడా ఒక నియమం ఉంది. ఇది మాత్రం ఎవడో అలా చేయబట్టే వచ్చుంటుంది. బంగారం, వెండి, డబ్బు ముట్టకూడదన్నది ఇంకో నియమం.

ఇప్పుడు ఇవన్నీ ఒకచోట పెట్టి చూడండి. అన్నం అనేది మోసం చేయడానికి చాలా పనికిమాలిన సరుకు. మధ్యాహ్నం దాటితే తినడానికి లేదు, రేపటికి దాచడానికి లేదు, పొట్టకు పట్టేదానికి ఒక హద్దు ఉంది. మనం పెట్టిన ముద్దతో ఎవరూ మేడలు కట్టలేరు. ఇక్కడ పేపర్లో భిక్షువుల కుంభకోణం అంటూ వార్త వస్తే అందులో ఉండేది బ్యాంకు ఖాతాలే, పులిహోర పొట్లాలు కాదు. నిజానికి పండగ రోజుల్లో పాత్ర పదిసార్లు నిండుతుంది, వెనకున్న కుర్రాడు సంచుల్లోకి ఖాళీ చేస్తూనే ఉంటాడు, అది నేనూ చూశాను. కానీ ఆ మిగిలింది గుళ్లో ఉండి చదువుకునే పిల్లలకి, పనివాళ్లకి, ఆకలితో వచ్చినవాళ్లకి, చివరికి గుడి కుక్కలకి పోతుంది. 2020లో కరోనా వచ్చి ఇక్కడ టూరిస్టులు లేక లక్షల మందికి పని పోయినప్పుడు, దేశంలోని భిక్షువులందరికీ పెద్ద అయిన సంఘరాజు గుళ్లన్నీ అన్నశాలలు తెరవమని చెప్పారు. మా సందు చివర గుళ్లో రోజూ వరస కట్టి పొట్లాలు ఇచ్చారు. అన్నేళ్లు వాళ్లకి పెట్టిన మా సందు వాళ్లే కొందరు ఆ వరసలో నిలబడ్డారు.

దొంగ భిక్షువులు లేరా అంటే ఉన్నారు. ఒకసారి నాకే తగిలాడు. మార్కెట్లో తొమ్మిది దాటాక ఒకాయన పాత్ర పట్టుకుని, తక్‌బాత్ సెట్లు అమ్మే బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. సెట్ అంటే అన్నం, కూర, ఒక స్వీటు, నీళ్ల సీసా, ఓ పువ్వు కలిపి పళ్లెంలో పెట్టి అమ్ముతారు. నేను ఒకటి కొని వేసి, కొత్తిమీర కోసం లోపలికి వెళ్లి తిరిగొచ్చేసరికి నేనిచ్చిన సెట్టే మళ్లీ బల్ల మీద ఉంది. కవరు మూల చిరిగి కాస్త పులుసు కారుతుంటే నేనే టిష్యూ చుట్టాను, ఆ టిష్యూతో సహా ఉంది. కడుపు మండింది. ఇంటికొచ్చి మావారికి చెప్తే "పుణ్యం రీసైకిల్ అయింది" అన్నారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

ఆ తరవాత నేను పెట్టుకున్న గుర్తులు చెప్తాను. అసలు భిక్షువు నడుస్తుంటాడు, ఒకే కొట్టు ముందు గంటలకొద్దీ నిలబడడు. ఎనిమిది దాటాక వీధిలో పాత్రతో కనబడితే నాకు అనుమానమే, ఎందుకంటే ఆ వేళకి గుడికి వెళ్లి తింటూ ఉండాలి. నోరు తెరిచి అడగడు. పెట్టినవాళ్లకి కృతజ్ఞతలు కూడా చెప్పడు. డబ్బు కోసం చూసేవాడి కళ్లు మన పర్సు మీద ఉంటాయి, అది ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. ప్రతి భిక్షువు దగ్గరా సుత్థి అనే గుర్తింపు పుస్తకం ఉంటుంది. కానీ దాన్ని చూపించమని అడగడం మన పని కాదు, దానికి ప్రభుత్వ బౌద్ధ కార్యాలయం ఉంది. మరీ టెన్షన్‌గా ఉంటే మొదటిసారి వాత్ బెంచమబోఫిత్‌కి వెళ్లండి. మార్బుల్ టెంపుల్ అంటే టాక్సీ వాళ్లకీ తెలుసు. అక్కడి భిక్షువులు పొద్దున గుడి ముందే వరసగా నిలబడతారు, జనమే వాళ్ల దగ్గరికి వెళ్లి వేస్తారు. ఆరు, ఆరున్నర మధ్య వెళ్తే బాగుంటుంది.

న్యూయార్క్‌లో మీ అక్కకి తగిలినవాళ్లది ఇదే దొంగ వ్యాపారానికి ఇంకో కొమ్మ. మెరిసే కార్డు చేతిలో పెట్టడం, పూసలు తొడగడం, గుడి కడుతున్నామని పుస్తకంలో పేరు రాయించడం. 2016లో హైలైన్ పార్కులో ఈ గొడవ ముదిరితే జనాన్ని హెచ్చరిస్తూ బోర్డులు పెట్టారు. మీ అక్కని అడగండి, ఆ మనిషికి ఒక శాండ్‌విచ్ ఇచ్చి ఉంటే తీసుకునేవాడా అని.

మీవారు అన్న మాటకి వస్తాను. ఆ మాట ఆయనకంటే రెండున్నర వేల ఏళ్ల ముందే ఒక బ్రాహ్మణ రైతు బుద్ధుడి మొహం మీదే అన్నాడు. కసి భారద్వాజుడని, మగధలో అయిదు వందల నాగళ్లు కట్టించి దుక్కి దున్నిస్తున్నాడు. కూలీలకు అన్నం పంచే వేళకి బుద్ధుడు పాత్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "నేను దున్నుతాను, విత్తుతాను, తింటాను. నువ్వూ దున్ని విత్తి తిను" అన్నాడాయన. "నేనూ దున్నుతాను" అన్నాడు బుద్ధుడు. నీ కాడి ఏది, నాగలి ఏది అంటే, శ్రద్ధ నా విత్తనం, తపస్సు వాన, ప్రజ్ఞ కాడీ నాగలీ అని చెప్పుకుంటూ వచ్చాడు. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. నాకు నచ్చేది తరవాతి భాగం. భారద్వాజుడు పొంగిపోయి పాయసం తెచ్చి ఇవ్వబోతే బుద్ధుడు తీసుకోలేదు. పద్యాలు చెప్పి సంపాదించిన అన్నం నాకు తగదన్నాడు. అంటే ఉపన్యాసానికి కూలీగా అన్నం కాదు. ఊరికే పెడితే తింటాను, లేదంటే వెళ్తాను. మీవారు ఒప్పుకుంటారని కాదు, మావారూ ఒప్పుకోలేదు. కానీ ఇది బద్ధకస్తుడి లెక్క కాదని మాత్రం ఇద్దరికీ తెలియాలి.

ఇంకో సంగతి మన దగ్గర తెలియనిది ఒకటుంది. ఇక్కడ సన్యాసం జీవితాంతం ఉండాలని లేదు. చాలామంది మగవాళ్లు కొన్ని వారాలో, ఒక వానాకాలమో కాషాయం కట్టి మళ్లీ ఇంటికి వస్తారు. ప్రభుత్వ ఉద్యోగులకు ఇందుకు 120 రోజుల దాకా జీతంతో సెలవు ఉంది. మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ అబ్బాయి ఒక నెల కనబడలేదు. ఓ పొద్దున గుండు, కనుబొమలు కూడా గీయించుకుని, పాత్ర పట్టుకుని మా ముందుకే వచ్చాడు. నిన్నటిదాకా నాకు సలాం కొట్టినవాడికి నేను మోకాళ్ల మీద కూర్చుని అన్నం పెట్టాను. ముందు ఇబ్బందిగా అనిపించింది, అబద్ధం చెప్పను. 1956లో ఇక్కడి రాజు భూమిబోల్ కూడా 15 రోజులు భిక్షువుగా ఉండి పాత్ర పట్టుకుని వీధిలో నడిచాడు. అందుకని మీవారికి చెప్పండి, ఆ పనీపాటా లేనివాడు రేపు మీ బ్యాంకు కౌంటర్లో కూర్చునే మనిషి కావచ్చని.

శాకాహారం సంగతి. మీరు మాంసం పెట్టనక్కర్లేదు, వాళ్లు ఏమీ అనుకోరు. మీరు పెట్టింది తినడమే వాళ్ల వంతు, ఎంచుకోవడం కాదు. వేరే ఇంటివాళ్లు అదే పాత్రలో పంది మాంసం వేస్తారు, మీ పప్పు పక్కనే పడుతుంది. అది మీకు మింగుడుపడకపోతే ముందే అనుకోండి, తరవాత బాధపడకుండా. తన కోసం చంపగా చూడనిది, విననిది, అలాంటి అనుమానం లేనిది అయితే భిక్షువు మాంసం తినొచ్చని నియమం. ఏనుగు, గుర్రం, కుక్క, పాము, పులి లాంటి పది రకాలు మాత్రం ఎలాగూ కూడదు. భిక్షువులంతా శాకాహారులే కావాలని బుద్ధుడి బంధువూ, భిక్షువూ అయిన దేవదత్తుడు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించాను. ఏ ఇంట్లో ఏముంటే అది తీసుకునేవాడు కాస్తా, ఫలానాది వండినవాళ్ల గుమ్మాలే వెతుక్కునేవాడయ్యేవాడు. పేదవాడి ఇల్లు వరసలోంచి జారిపోయేది.

ఏం పెట్టాలి అంటే, మన వంటల్లో ఇక్కడ తిరుగులేనిది పులిహోర. చింతపండు పులుపు వీళ్లకీ ప్రాణమే. పొద్దున చేస్తే మధ్యాహ్నం దాకా పాడవదు, కారిపోదు. నిమ్మకాయ పులిహోర, కొబ్బరన్నం, ఇడ్లీ కూడా బాగా వెళ్తాయి. పలచటి చారు, సాంబారు వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో పోయకండి, చేతులు కాలతాయి. ఆవకాయ ఒకసారి పెట్టాను. మర్నాడు ఆయన ఏమీ అనలేదు గానీ వెనక కుర్రాడు నన్ను చూసి నాలుక బయటపెట్టి చేత్తో విసురుకున్నాడు. పళ్లయితే తొక్క తీసి, కోసి ఇవ్వండి. మొలకెత్తే గింజలున్న పండును గృహస్థుడు ముందు కోసి ఇవ్వాలని నియమం ఉంది, అడవి మఠాల్లో దాన్ని గట్టిగా పాటిస్తారు. బియ్యం, పప్పులు పచ్చివి పాత్రలో వేయకండి, వండుకోవడం వాళ్లకి కుదరదు. అవి విడిగా గుడికి ఇచ్చుకోవచ్చు.

స్వీట్ల విషయంలో చేయి కట్టేసుకోండి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. జనం పుణ్యం కోసం తియ్యటివి, నూనెవి, కొబ్బరిపాల కూరలు, సీసాల్లో కూల్‌డ్రింకులు వేస్తారు. వాళ్లు తినకుండా ఉండలేరు, నడక తప్ప వ్యాయామం లేదు, మధ్యాహ్నం తరవాత ఆకలి వేస్తే తీపి పానీయమే గతి. చులాలాంకార్న్ విశ్వవిద్యాలయం వాళ్లు భిక్షువుల ఆరోగ్యం మీద చేసిన అధ్యయనంలో దాదాపు సగం మంది ఊబకాయులని తేలింది. 2017లో భిక్షువుల ఆరోగ్యం కోసం దేశం మొత్తానికీ ఒక నియమావళి కూడా తెచ్చారు. చనిపోయిన మామయ్యకి ఇష్టమని రోజూ గులాబ్‌జామూన్లు వేసే ఒక ఉత్తరాది ఆవిడ మా సందులో ఉంది. మామయ్య షుగరుతోనే పోయాడట. నేనేం చెప్పను ఆవిడకి? ముడిబియ్యం, పప్పు, ఆకుకూర, మజ్జిగ పులుసు. మీరు మీ పిల్లలకి ఏం పెడతారో అదే.

నారింజ రంగు ప్లాస్టిక్ బకెట్లు దుకాణాల్లో కనబడతాయి. వాటిని సంఖథాన్ అంటారు, సంఘదానం అన్నమాట. సబ్బు, టూత్‌పేస్టు, టీపొడి, గొడుగు ఏవేవో సర్ది పైన మెరుపు కాగితం చుడతారు. అది గుడికి ఇచ్చేది, పాత్రలో వేసేది కాదు. అడుగున ఉన్న వస్తువుల తేదీలు చూడకుండా కొనకండి.

పెట్టే పద్ధతి పెద్ద కష్టం కాదు. చెప్పులు విడవండి, ఆయన కాళ్లకు చెప్పులుండవు కాబట్టి. ఆగమనాలంటే "నిమోన్ ఖా" అనాలి. నిమోన్ అంటే నిమంత్రణమే. చిన్న వయసువాడైతే లువాంగ్ ఫీ, అంటే అన్నగారు. పెద్దాయనైతే లువాంగ్ ఫో, నాన్నగారు. మనలాగే వీళ్లకీ సన్యాసి అయినా వరస కలపందే తోచదు. మూత తీశాక కవరు మెల్లగా లోపల పెట్టండి. మీ చేయి ఆయనకి, ఆయన బట్టకి తగలకూడదు. పాత్రలో కాకుండా చేతికి ఏదైనా ఇస్తే ఆడవాళ్ల దగ్గర నేరుగా తీసుకోరు, ఒక గుడ్డ పరిచి దాని మీద పెట్టమంటారు. మొదట్లో నాకు ఇది చివుక్కుమనిపించింది. వండేదీ, తెల్లవారుజామున లేచి నిలబడేదీ ఎక్కువగా ఆడవాళ్లే, అంటరానిదీ మేమేనా అని. ఇది మైల గురించి కాదు, ఆయన బ్రహ్మచర్యానికి పెట్టుకున్న కట్టుబాటు అని తరవాత తెలిసింది. కానీ ఆడవాళ్లు భిక్షుణులయ్యే సంగతిలో నా కోపం ఇంకా అలాగే ఉంది. 1928లో ఆనాటి సంఘరాజు ఆడవాళ్లకి దీక్ష ఇవ్వకూడదని ఆజ్ఞ వేశారు, అది ఈనాటికీ నడుస్తోంది. తమ్మసాత్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఒక ప్రొఫెసర్ 2003లో శ్రీలంక వెళ్లి దీక్ష తీసుకుని ధమ్మానంద భిక్షుణి అయ్యారు. ఆమె మఠం నఖోన్‌పథోమ్‌లో ఉంది. అక్కడి భిక్షుణులు కూడా పాత్ర పట్టుకుని ఊళ్లోకి వస్తారు, జనం పెడతారు. వీలైతే ఒక ఆదివారం వెళ్లండి. నేను అక్కడికి పులిహోర కాస్త ఎక్కువే పట్టుకెళ్తాను, ఇది పక్షపాతమే.

పెట్టడం అయ్యాక ఆయన పాలీలో నాలుగు ముక్కలు చదువుతాడు. చెవి పెట్టి వింటే చివర్లో ఆయు, వణ్ణ, సుఖ, బల అని వినబడుతుంది. ఆయుష్షు, తేజస్సు, సుఖం, బలం పెరగాలని. ఆ చదివేటప్పుడు కొందరు చిన్న చెంబులోంచి నీళ్లు సన్నగా గిన్నెలోకి వంచుతారు, తరవాత ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోస్తారు. దాన్ని క్రువాత్‌నామ్ అంటారు. పెట్టిన పుణ్యం చనిపోయినవాళ్లకి చేరాలని. మా మామగారి ఆబ్దికం ఒకసారి ఇక్కడ పడింది, అత్తగారు మాతోనే ఉన్నారు. బ్రాహ్మణుణ్ణి చూసుకోవడం కుదరలేదు. గుడికి వెళ్లి తొమ్మిదిమందికి భోజనం పెట్టించాం. ఆవిడ చేతికి ఆ చెంబు ఇచ్చి, నీళ్లు వదలమంటే వదిలారు. బయటికొచ్చాక "నువ్వులు లేవు గానీ, తర్పణమేనే ఇది" అన్నారు. ఆవిడ మడి కట్టుకుని వంట చేసే మనిషి. ఆవిడ ఒప్పుకున్నాక నాకిక ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది.

హిందువులం కదా అన్న మీ ప్రశ్నకి ఇంతకంటే ఎక్కువ చెప్పలేను. మీరు ఒక శనివారం సీలోమ్‌లో వాత్ ఖేక్‌కి వెళ్లి చూడండి. తమిళులు కట్టిన మారియమ్మ గుడి అది. లోపల పూలదండ పట్టుకుని నిలబడ్డవాళ్లలో ముప్పాతిక మంది థాయి బౌద్ధులే ఉంటారు. వాళ్లు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టడానికి మతం అడ్డం రాలేదు, మీ పులిహోరకి ఎందుకొస్తుంది? మన ఊళ్లలోనూ ఒకప్పుడు ఈ పని జరిగిందే. విశాఖ దగ్గర తొట్లకొండ తవ్వితే భిక్షువుల గదులతో పాటు వంటశాల, భోజనశాల కూడా బయటపడ్డాయి. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినవాళ్లు ఒక చర్మకారుడి కుటుంబం. రాతి మీద ఆ పేరు ఇంకా ఉంది. మా గుంటూరు పక్కనే ఉన్నా, ఇది నేను బ్యాంకాక్ వచ్చాకే తెలుసుకున్నాను.

ఇవ్వకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆయన మీ తలుపు కొట్టడు, గుర్తు పెట్టుకోడు. నిజానికి శిక్ష అంటూ ఉంటే అది తీసుకునేవాళ్ల వైపు నుంచి, వద్దనడంలో ఉంటుంది. పక్క దేశం బర్మాలో 2007లో సైనిక ప్రభుత్వం మీద భిక్షువులు చేసిన పెద్ద పని ఏమిటో తెలుసా? పాత్ర బోర్లించడం. సైనికాధికారులు, వాళ్ల కుటుంబాలు ఇచ్చే అన్నం మేం ముట్టం అని. 1990లో మాండలేలో కూడా అదే చేశారు. తుపాకులున్నవాళ్లని, మీ అన్నం మాకొద్దు అన్న మాట అంతగా కుదిపింది. పెట్టేవాడు ఎక్కువ, తీసుకునేవాడు తక్కువ అన్న లెక్క ఇక్కడ పనిచేయదని నాకు అప్పుడు అర్థమైంది. మనం వంగి కూర్చుని పెట్టడం, ఆయన నిలబడి తీసుకోవడం వెనక ఉన్నది కూడా ఇదే.

ఆఖరుగా, రోజూ పెట్టాలని మొక్కు పెట్టుకోకండి. నేను వారానికి రెండు రోజులే పెడతాను, మిగతా రోజులు నిద్ర నా పుణ్యం. అష్టమికి, పౌర్ణమికి, అమావాస్యకి వచ్చే వన్‌ఫ్రా అనే బౌద్ధ పర్వదినాల్లో కొన్ని గుళ్ల నుంచి భిక్షువులు బయటికి రారు, జనమే గుడికి అన్నం తీసుకెళ్తారు. మీరు పొద్దున్నే పులిహోర కలుపుకుని కిందికి దిగితే సందు ఖాళీగా ఉందనుకోండి, కంగారు పడకండి. ఎదురుగా ఉన్న నూడుల్స్ బండి ముసలావిడని అడగండి, ఏ గుడికి వెళ్లాలో చెప్తుంది. ఆవిడకీ ఒక పొట్లం ఇవ్వండి.